కంకర నిర్వీర్యం

ఊటవాగు గ్రామంలో కిందటి ఎన్నికలనాడు జరిగిన కొట్లాట మీద ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది. ఎవరు కొట్టారో ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరు కొట్టించారో కూడా తెలుసు. తెలిసిన సంగతుల మీద ప్రజాధనం ఖర్చుపెట్టడం సబబు కాదు గనక, సంఘం ఆ రెండింటి జోలికీ పోకుండా, అప్పటిదాకా ఎవరికీ తోచని మూడో ప్రశ్నను చేపట్టింది. తలకాయలు పగలగొట్టిన ఆ రాళ్లు ఎక్కడివి?

ఈ ప్రశ్న వినగానే పంచాయతీ కార్యదర్శి అంకారావుకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రాళ్లు ఎక్కడివో అతనికి బాగా తెలుసు. అవి అతని రాళ్లే. అతను విసిరినవి కావు, తెప్పించినవి.

ఊటవాగు నుంచి మెయిన్ రోడ్డుకు ఉన్నది ఒకటే బాట. వేసవిలో అది దుమ్ము, వానాకాలంలో బురద. నల్లరేగడి నేల కావడంతో నాలుగు చినుకులు పడితే చాలు, మనిషి చెప్పులు దానికి సమర్పించుకుని రావాల్సిందే. కొన్నేళ్ల కిందట అంకారావు తల్లి జబ్బుచేసి పడిపోయిన రోజున అలాంటి వానే కురిసింది. నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుపోతుంటే వాగు మలుపు దగ్గర మోకాళ్లదాకా దిగబడ్డారు. ఎదురుగా మెయిన్ రోడ్డు మీద అంబులెన్సు ఆగి ఉంది. దాని నెత్తిన దీపం తిరగడం కూడా వాళ్లకు కనిపిస్తూనే ఉంది. వీళ్లు బురదలోంచి బయటపడేలోగా ఆమె ప్రాణం పోయింది. ఆ రోజు నుంచి అంకారావుకు బతుకులో ఒకటే పంతం, ఆ బాట మీద రోడ్డు పడాలి. ఎక్కని ఆఫీసు మెట్టు లేదు, పెట్టని దణ్ణం లేదు. చివరికి రోడ్డు మంజూరైంది. ఊరి మొదట్లో కంకర కుప్పలు పడ్డాయి. ఆ కుప్పల్ని చూస్తూ అతను ఆ పూట అన్నం సంగతే మర్చిపోయాడు. అంతలో ఎన్నికలొచ్చి పడ్డాయి.

సంఘం అధ్యక్షులు త్రివిక్రమమూర్తిగారు పెద్ద పెద్ద పదవులు చేసి రిటైరైన మనిషి. స్కూలు ఆవరణలో షామియానా కింద కొలువు తీర్చారు. ఆయనకు కుడిపక్క శేషగిరయ్య, ఎడమపక్క బలరామయ్య కూర్చుని కొబ్బరిబోండాలు తాగుతున్నారు. ఊరిని రెండు ముక్కలు చేసి చెరో ముక్కనూ ఏలుతున్న పెద్దమనుషులు వీళ్లే. ఎదుట బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద ఒక రాయిని ఉంచారు.

“కార్యదర్శిగారూ, ఈ రాయిని మీరు గుర్తించగలరా?” అని అడిగారు అధ్యక్షులు.

“రోడ్డు కంకరండి,” అన్నాడు అంకారావు.

“అనగా, హింసకు వినియోగించబడిన సాధనం అభివృద్ధి పనుల నుంచి సేకరించబడినట్లు ప్రాథమికంగా తేలుతున్నది.”

“రాయిదేముందండీ, విసిరినవాళ్లు...”

“విసిరేవారు మారుతుంటారు. ఈసారి ఒకరు, మరోసారి ఇంకొకరు. రాయి మారదు. మనం మూలంలోకి వెళ్లాలి.”

“మూలంలోకే ఎల్తే, ఇసరమన్నోళ్లు మీ పక్కనే కూచుని బోండాలు తాగుతున్నారు గదయ్యా!” అని వెనక నుంచి ఒక ఆడగొంతు లేచింది.

ఆ గొంతు నాసరమ్మది. స్కూల్లో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. అంకారావుకు పిన్ని. అక్క పోయాక అతనికి ఇంత ముద్ద కలిపి పెట్టింది, దగ్గరుండి పెళ్లి కూడా చేసింది.

“అది మా పరిధిలోకి రాదమ్మా,” అన్నారు అధ్యక్షులు ఎంతో మర్యాదగా.

బోండాలు తాగుతున్న ఇద్దరూ నోట్లోంచి స్ట్రాలు తీసి, నిజమే, రాదన్నట్టు తలలూపారు. ఆ ఇద్దరూ ఒక మాట మీద ఉండడం ఊటవాగు చూడటం అదే మొదలు.

సంఘం నివేదిక ఇచ్చింది. అభివృద్ధి పనులు జరిగే చోట కంకర, ఇనుము, కర్ర మొదలైనవి పోగుపడటం వల్ల ప్రజలు వాటితో కొట్టుకోవలసి వస్తున్నదనీ, ఎన్నికల హింసను అరికట్టాలంటే ముందు అభివృద్ధిని అదుపులో పెట్టాలనీ దాని సారాంశం. మొట్టమొదట ఊటవాగు కంకరను స్వాధీనం చేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది.

“ఎన్నికలు ముగిసిన తదుపరి రోడ్డు వేసుకోవచ్చును,” అని అధ్యక్షులు అంకారావును ఓదార్చారు.

“ఏ ఎన్నికలండీ?”

“అన్నీను.”

పంచాయతీ అయితే మండలం, మండలం అయితే సహకార సంఘం, అది అయితే నీటి సంఘం, అన్నీ అయిపోయేసరికి మళ్లీ మొదటిది వస్తుంది. అంకారావు లెక్క వేసుకోబోయి, ఏడుపొస్తుందని మానేశాడు.

కంకర తీసుకుపోవడానికి లారీలొచ్చాయి. కంకరతో తిరిగి వెళ్తూ మొదటి లారీయే వాగు మలుపులో దిగబడింది. ఎంత తన్నుకున్నా కదలలేదు. చివరికి అదే కంకర నాలుగు తట్టలు చక్రాల కింద పోస్తే లారీ చక్కా గట్టెక్కింది. గట్టెక్కాక, పోసిన కంకరను ఒక్క రాయి కూడా వదలకుండా బురదలోంచి ఏరి, మళ్లీ లారీలోకి ఎత్తి తీసుకుపోయారు. ప్రభుత్వ సొమ్ము పట్ల అంత జాగ్రత్త అంకారావు ఎన్నడూ చూడలేదు. ఆ దృశ్యం అతని మనసులో ముల్లులా ఉండిపోయింది.

పని ఇంత సులువుగా అయ్యేసరికి త్రివిక్రమమూర్తిగారికి ఊపొచ్చింది. ఈసారి అంకారావును వెంటబెట్టుకుని ఊరంతా కాలినడకన తిరిగారు. సగం కట్టి ఆగిన ఆరోగ్య కేంద్రం ముందు నిలబడ్డారు. స్తంభాల్లోంచి ఇనుప ఊచలు పైకి లేచి ఉన్నాయి.

“ఇవేమిటి?”

“స్లాబుకు వదిలిన ఊచలండి. స్లాబు పడితే నర్సమ్మ వచ్చి ఇక్కడే ఉంటుందండి.”

“నాకు నర్సమ్మ కనబడటం లేదు. ఊచలు కనబడుతున్నాయి. ఇవి ఆయుధ సంభావ్య వస్తువులు.”

ఊచల్ని స్తంభాలకు సమంగా కోయించారు. స్కూల్లో బల్లలు చూసి, బల్లకు నాలుగు కాళ్లంటే నాలుగు కర్రలే గదా అన్నారు. పిల్లలు నేల మీదికి దిగారు. పక్క ఊరి హైస్కూలుకు పోయే ఆడపిల్లలకు ప్రభుత్వమే ఇచ్చిన సైకిళ్లుంటే, వాటి చైన్లు ఊడదీయించారు. పిల్లలు కొన్నాళ్లు నడిచి పోయారు, ఆ తరవాత మానేశారు. వాళ్లలో ఇద్దరికి వెంటనే పెళ్లిళ్లు కూడా కుదిరాయి. కొడవళ్లు, గునపాలు పోలీస్ స్టేషన్లో పెట్టించారు. పంట కోసుకోవాలంటే రైతు పొద్దున్నే వెళ్లి సంతకం పెట్టి కొడవలి తెచ్చుకుని, పొద్దుగూకేలోపు తిరిగి అప్పగించాలి. స్టేషనుకు పోను రాను అయ్యే టైములో ఏ రైతూ ఒక మడి కూడా కోయలేకపోయాడు. మంచాలకు కోళ్లున్నాయని మంచాలు కూడా పోయాయి. ముసలీ ముతకా చాపల మీదికి దిగారు.

ఇంతవరకు ఊరు ఓర్చుకుంది. కారం దగ్గర మాత్రం కదిలింది. ఎందుకంటే ఊటవాగు బతికేదే మిరప మీద.

“కారం ఎందుకండీ?” అంకారావు బతిమాలుతున్నట్టు అడిగాడు.

“కళ్లల్లో చల్లవచ్చును.”

“కూరలో వేసుకుంటామండి.”

“అది దాని ద్వితీయ ప్రయోజనం.”

ఇంటింటి కారం డబ్బాలూ జమ అయ్యాయి. మిరప పండించే ఊరు, పథ్యం పెట్టిన బాలింతలాగా చప్పిడి కూడు తినడం మొదలుపెట్టింది. ఆఖరికి సంఘం మనుషులు స్కూలు వంటగదిలోకొచ్చి నాసరమ్మ రోకలిబండ పట్టుకుపోతుంటే ఆమె అడ్డం తిరిగింది.

“ఒరే అంకా, నా రోకలిబండ ఏం నేరం చేసిందిరా?”

“చేయలేదు పిన్నీ. చేసే అవకాశం ఉందంట.”

“ఆ లెక్కన మడిసికి రెండు చేతులున్నయ్ గదా. వాటిని కూడా నరికి మూటగట్టుకుపొమ్మను!”

“గట్టిగా అనబాక పిన్నీ, ఇనపడిద్ది.”

వినపడనే వినపడింది. త్రివిక్రమమూర్తిగారు ఠక్కున ఆగిపోయి, చాలాసేపు తన అరచేతుల వంక చూసుకున్నారు. ఆ వారంలోనే ఇంకో ఉత్తర్వు వచ్చింది. పోలింగు కేంద్రం కనబడే చోటు మొదలుకొని ప్రతి ఓటరూ రెండు చేతులూ జోడించి, నమస్కార ముద్రలోనే నడవవలెను. సిరా వేయించుకునేటప్పుడు మాత్రం ఒక చేతికి తాత్కాలిక సడలింపు.

జమచేసిన సామానంతా పెట్టడానికి స్కూల్లో ఐదో తరగతి గది ఖాళీ చేయించారు. ఐదో తరగతి వేపచెట్టు కిందికి మారింది. అధ్యక్షులు క్రమశిక్షణ గల మనిషి. కర్రలు ఒక మూల, మంచం కోళ్లు ఒక మూల, ఊచలు పొడుగును బట్టి గోడవారగా, కారం మాత్రం చేతికందే ఎత్తులో అరల్లో పెట్టించి, అన్నింటికీ పేర్లు రాసి అంటించమన్నారు. అంకారావు తన చేత్తోనే రాసి అంటించాడు.

“తాళం ఎవరి దగ్గర ఉంచమంటారండీ?” అని అడిగాడు.

“శాంతి సంఘం దగ్గర. ఉభయ పక్షాల నమ్మకమూ ముఖ్యం. రెండు తాళాలు వేయించండి.”

శాంతి సంఘానికి ఇద్దరు అధ్యక్షులు. ఒకరు శేషగిరయ్య, ఒకరు బలరామయ్య. చెరొక తాళంచెవీ జేబులో వేసుకున్నారు. వాళ్లిద్దరి ఇళ్లల్లోనూ తనిఖీ జరగలేదు, శాంతి సంఘం మీద అనుమానపడటం సభ్యత కాదు గనక. ఊరి మొదట్లో, కంకర కుప్పలు పోసిన చోటే, రెండు ఇనుప గుంజలకు ఒక పెద్ద రేకు బోర్డు బిగించారు. ‘శాంతి గ్రామం ఊటవాగు మీకు స్వాగతం పలుకుతోంది.’ ఏడాది కాలంలో ప్రభుత్వం ఆ ఊళ్లో కట్టింది అదొక్కటే.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. పొద్దున పూట చూడవలసిన వేడుక. ఊరంతా చేతులు జోడించి బారులు తీరింది. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకుండా జనం భక్తిగా నడుస్తున్నారు. టీవీ వాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుని, ఆదర్శ గ్రామమని చెప్పి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి ఎవరో చచ్చిపోయినవాడి ఓటు వేశారని గొడవ మొదలైంది. బతికున్నవాడు ఒకడు చేతులు విడదీసి ఇంకొకడి చొక్కా పట్టుకున్నాడు. ఇదివరకైతే ఇలాంటప్పుడు జనం కర్రల కోసం కంపల్లోకీ, రాళ్ల కోసం గట్ల మీదికీ పరిగెత్తేవాళ్లు. ఆ వెతుకులాటలో సగం మందికి కోపం చల్లారేది. ఇప్పుడా అవస్థ లేదు. శేషగిరయ్య లేచి జేబులోంచి తాళంచెవి తీశాడు. బలరామయ్య కూడా తీశాడు. గది రెండు తాళాలూ తీస్తేనే తెరుచుకుంటుంది. తెరుచుకుంది. వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అది రెండోసారి. లోపల అన్నీ సర్ది, పేర్లు రాసి ఉన్నాయి గనక ఎవరికీ తడుముకోవలసిన పని లేకపోయింది.

గది తెరిచారని తెలిసి నాసరమ్మ వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

“నా బండ నాకిచ్చి మీరేమన్నా చావండి!” అంటూ జనంలోకి దూరింది.

బండ అప్పటికే ఒకడి చేతిలో ఉంది. అది ఎవరి కోసం లేచిందో గానీ, నాసరమ్మ చేతి మీదా తల మీదా పడింది.

అంకారావు చొక్కా విప్పి ఆమె తలకు కట్టాడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, మెయిన్ రోడ్డుదాకా వస్తాం, లోపలికి రాలేం అన్నారు. ముందురోజు వాన పడింది. మోసుకుపోదామంటే ఊళ్లో ఒక్క మంచం కూడా లేదు. మంచం కోళ్లు అటూ ఇటూ చేరి కొట్టుకుంటున్నాయి. ఏం చేయాలో తోచక నాలుగువైపులా చూసిన అంకారావుకు ఊరి మొదట్లో బోర్డు కనిపించింది. నలుగురూ కలిసి రేకు ఊడబెరికి, నాసరమ్మను దాని మీద పడుకోబెట్టి, భుజాలకెత్తుకున్నారు.

వాగు మలుపు రాగానే, సరిగ్గా అక్కడే, మోకాళ్లదాకా దిగబడ్డారు. ఎదురుగా మెయిన్ రోడ్డు మీద అంబులెన్సు దీపం తిరుగుతోంది. అంకారావుకు అమ్మ గుర్తొచ్చింది. చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. తను తెప్పించిన కంకర ఉంటే! తన కళ్లముందే ఏరుకుపోయిన నాలుగు తట్టలన్నా ఉంటే!

“ఏడవబాక అబ్బాయ్,” అంది నాసరమ్మ కళ్లు మూసుకునే. “మీ అమ్మకి నులకమంచం దొరికింది. నాకు గవర్నమెంటు రేకు దొరికింది. మనం ఎదిగినట్టే గదరా.”

ఆమె బతికింది. తలకు కుట్లు, చేతికి కట్టు. ఆమె గట్టి మనిషి కావడం తప్ప అందులో ఎవరి గొప్పా లేదు.

సంఘం నివేదిక ఆ వెంటనే వెలువడింది. ‘ఈ ఎన్నికల్లో ఊటవాగులో రోడ్డు కంకర వల్ల ఒక్క తల కూడా పగలలేదు. కావున పథకం సంపూర్ణ విజయం సాధించినది.’ నాసరమ్మ రోకలిబండను సాక్ష్యంగా కోర్టులో పెట్టారు. బోర్డు ఊడిపోవడం మాత్రం అధ్యక్షులకు కష్టం కలిగించింది. ఈసారి ఎవరూ పెరకలేకుండా గుంజలకు పటిష్ఠమైన పునాది వేయాలని, ప్రత్యేక అనుమతితో ఒక ట్రాక్టరు కంకర పంపారు.

అంకారావు ఆ కంకర చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తరవాత మెయిన్ రోడ్డు మీద పని ఆగి కూర్చున్న మేస్త్రీ కాళ్లావేళ్లా పడి ఒక పూటకు రోలర్ అడిగి తెచ్చాడు.

కొన్నాళ్లకు త్రివిక్రమమూర్తిగారు బోర్డు చూడటానికి వచ్చారు. వాగు మలుపులో కారు దిగబడలేదు. అదే ఆయనకు మొదటి అనుమానం. ఊరి మొదట్లో బోర్డూ లేదు, కంకరా లేదు.

“కంకర ఏమైనది?” అని గద్దించారు.

అంకారావు ఏడాదిగా ఆ భాష వింటున్నాడు. అది అతనికి వంటబట్టింది. చేతులు జోడించి, నమస్కార ముద్రలోనే చెప్పాడు.

“సదరు ఆయుధ సంభావ్య పదార్థాన్ని నిర్వీర్యం చేయడమైనదండి.”

“ఏ విధంగా?”

“కుప్పగా ఉంటే ఎవడైనా తీసి విసురుతాడని, వాగు మలుపులో భూమిలో పరిపించి, మీద రోలర్ తిప్పించి అణగదొక్కించడమైనది. గునపంతో పొడిస్తే తప్ప పైకి రాదండి. గునపాలు స్టేషన్లో ఉన్నాయండి.”

అధ్యక్షులు మలుపు దగ్గరికి వెళ్లి బూటుతో తన్ని చూశారు. వంగి గోటితో ఒక రాయిని పెకలించబోయారు. రాలేదు. గోరు విరిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

“అద్భుతం! కుప్పపోస్తే హింస, పరిస్తే శాంతి. ఇంత చిన్న విషయం మా సంఘానికి తట్టలేదు చూశారా! కార్యదర్శిగారూ, జిల్లా అంతటా స్వాధీనం చేసుకున్న కంకర గుట్టలు గుట్టలుగా పడి ఉన్నది. దానిని కూడా ఈ విధంగానే నిర్వీర్యం చేయాలి. కానీ అంత స్థలం ఎక్కడ దొరుకుతుంది?”

“ఇక్కడి నుంచి మెయిన్ రోడ్డుదాకా ఖాళీ జాగా ఉందండి,” అన్నాడు అంకారావు. “కాస్త సన్నగా, పొడుగ్గా ఉంటుంది.”

“దానిని రోడ్డు అనవద్దు సుమా. రోడ్డుపై నిషేధం అమలులో ఉన్నది.”

“చచ్చినా అనమండి.”

నెల తిరక్కుండా కంకర నిర్వీర్య క్షేత్రం మెయిన్ రోడ్డు నుంచి ఊటవాగుదాకా పడింది. రాళ్లు లేచి రాకుండా మీద తారు కూడా పోశారు. ఆరోగ్య కేంద్రం ఊచల్ని కూడా కాంక్రీటులో పూడ్చి నిర్వీర్యం చేస్తే ఎలా ఉంటుందని అంకారావు అప్పుడే ఇంకో విన్నపం పెట్టుకున్నాడు.

పని పూర్తయిన పొద్దున అతను నాసరమ్మను వెంటబెట్టుకుని రోడ్డు మీద నడిపించాడు. ఆమె చెయ్యి ఇంకా మెడకు వేలాడుతోంది. వాగు మలుపు దగ్గర ఆగింది.

“ఇక్కడే గదరా అక్క పోయింది.”

“ఇక్కడే పిన్నీ.”

“బాగా ఏశావు. అక్క సూసుంటే ఎంత సంతోషించేదో.” కళ్లు తుడుచుకుంది. “అది సరే, నా తలకాయ పగలగొట్టించినోళ్ల సంగతేమైంది?”

“అది పరిధిలోకి రాదంట పిన్నీ.”

అంతలో మెయిన్ రోడ్డు వైపు నుంచి హారన్లు మోగాయి. అంబులెన్సు కాదు. నీటి సంఘం ఎన్నికలు. ఇదివరకు ఊళ్లోకి రావడానికి పూట పట్టే జీపులు ఇప్పుడు కళ్లు మూసి తెరిచేలోగా వచ్చేశాయి. ఒక జీపులో శేషగిరయ్య, దాని వెనకే ఇంకో జీపులో బలరామయ్య, ఇద్దరూ లేచి నిలబడి, చేతులు జోడించి వస్తున్నారు.

“నాసరమ్మా, ఒళ్లు కులాసానా?” అన్నాడు శేషగిరయ్య.

“ఓటు మర్చిపోబాక నాసరమ్మా,” అన్నాడు బలరామయ్య.

నాసరమ్మ వంగి, బాగున్న చేత్తో రోడ్డును తడిమింది. అక్క పోయిన చోటు గనక కళ్లకద్దుకుంటుందేమో అనుకున్నాడు అంకారావు. ఆమె ఇంకా అటూ ఇటూ తడుముతూనే ఉంది, గోళ్లతో గీకింది కూడా. అప్పుడు అర్థమైంది అతనికి, ఆమె వెతుకుతున్నది రాయి కోసమని.

అంకారావు ఎంత బాగా వేయించాడంటే, ఆమె చేతికి ఒక్కటంటే ఒక్కటి రాలేదు.